యాడ్‌లో చెప్పని సగం: బెంగళూరులో ఉండే తెలుగువాళ్లకు ప్రకటనలు చదివే పద్ధతి

మారతహళ్లి బ్రిడ్జి దగ్గర నిలబడి చుట్టూ చూడండి. కోర్సు చేస్తే ఉద్యోగం ఖాయం, పీజీలో ఇంటి భోజనం, ఎయిర్‌పోర్టుకి ఇరవై నిమిషాల దూరంలో ప్లాటు, నెల తిరిగేసరికి బరువు తగ్గించే క్లినిక్. ఇంటికొచ్చి తెలుగు చానల్ పెడితే అక్కడా ఇలాంటివే. సీమ జిల్లాల నుంచో, ఇంకా దూరం నుంచో కొత్తగా వచ్చి, ఎవరిని అడగాలో తెలియని పిల్లలకు ఈ బోర్డులే దిక్కు. చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బు వీటిని నమ్మే పెడతారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

పచ్చి అబద్ధం రాసే ప్రకటనలు తక్కువే. దొరికిపోతామని వాళ్లకీ తెలుసు. చాలామంది నిజమే చెబుతారు, కాకపోతే సగం చెప్పి ఆపేస్తారు. మిగతా సగం మన ఆశ పూరించుకుంటుంది. ఆ చెప్పని సగాన్ని డబ్బు కట్టకముందే బయటికి లాగాలి. ఎలాగో ఒక్కో అడుగూ చూద్దాం.

1. ముందు పొగడ్తనీ హామీనీ విడదీయండి

"అమ్మ చేతి రుచి", "మీ ఇంటి వెలుగు" లాంటివి పొగడ్తలు. వీటిని ఎవరూ కొలవలేరు, చట్టం కూడా పట్టించుకోదు. అంకె, గడువు, పోలిక, గ్యారంటీ, ఆరోగ్యం. ఈ ఐదింటిలో ఏది కనిపించినా అది హామీ. దానికి కంపెనీ దగ్గర రుజువు ఉండాలి.

2022లో ఒక టూత్‌పేస్ట్ విషయంలో ఇదే జరిగింది. ప్రపంచవ్యాప్తంగా డెంటిస్టులు సిఫారసు చేస్తారని, ప్రపంచంలో నంబర్ వన్ సెన్సిటివిటీ టూత్‌పేస్ట్ అని సెన్సోడైన్ ప్రకటనలు వచ్చేవి. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ, అంటే సీసీపీఏ, రుజువులు అడిగింది. చూపించినవి సరిపోవని తేల్చి ఆ ప్రకటనలు ఆపమంది, పది లక్షల జరిమానా వేసింది. "పళ్లు మిలమిల మెరుస్తాయి" అని మాత్రమే అని ఉంటే ఎవరూ అడిగేవాళ్లు కాదు.

కాబట్టి పాంప్లెట్ చేతికి రాగానే హామీల కింద మాత్రమే గీత గీయండి. పేజీ నిండా రంగులున్నా, గీత పడేవి రెండో మూడో ఉంటాయి. మీ డబ్బుకి లెక్క అవే.

2. ప్రతి హామీనీ నాలుగు ప్రశ్నలు అడగండి

ఎంత వరకు? దేనికంటే? ఎవరు తేల్చారు? ఏ షరతు మీద?

"అప్ టు 70% తగ్గింపు" అంటే షాపులో ఒక్క వస్తువు మీద 70 శాతం తగ్గించినా వాళ్లు మాట నిలబెట్టుకున్నట్టే. "ప్రారంభ ధర 4,999" అన్నప్పుడు ఆ ధరకి ఏ గది, ఎంతమంది షేరింగ్ అని అడగాలి. "రెట్టింపు బలం" దేనితో పోలిస్తే? వాళ్ల పాత సరుకుతోనా, అసలు ఏమీ వాడనివాళ్లతోనా? "99.9% క్రిములు చస్తాయి" అన్నది ల్యాబ్‌లో, ఎంచుకున్న కొన్ని రకాల క్రిముల మీద, నిర్ణీత సమయం పాటు చేసిన పరీక్ష ఫలితం. మీ వంటింటి గట్టు మీద ఒకసారి తుడిస్తే అదే వస్తుందని దాని అర్థం కాదు.

"డెర్మటలాజికల్లీ టెస్టెడ్", అంటే చర్మం మీద పరీక్షించాం అన్న మాట దగ్గర ప్రత్యేకంగా ఆగండి. పరీక్ష చేశామన్నారు, పాసైందని అనలేదు. ఎంతమంది మీద చేశారో, ఏం చూశారో, ఏం తేలిందో చెప్పనంత వరకు ఆ ముక్కకి విలువ కట్టకండి.

3. నక్షత్రం గుర్తు ఎక్కడికి తీసుకెళ్తుందో చూడండి

ఈ అడుగుకి మన ఊరి కంపెనీయే ఉదాహరణ. "ఐదు నిమిషాల్లో ఆటో, లేకపోతే 50 రూపాయలు" అన్న ర్యాపిడో ప్రకటన గుర్తుండే ఉంటుంది. వానలో సిల్క్ బోర్డు దగ్గర ఆటో కోసం నిలబడ్డవాడికి ఇంతకంటే తియ్యటి మాట ఉండదు. 2025 ఆగస్టులో సీసీపీఏ దీని మీద పది లక్షల జరిమానా వేసింది. ఆ ఉత్తర్వులో బయటపడినవి చూడండి. 50 రూపాయలు అన్నది నిజానికి "50 రూపాయల వరకు". అదీ డబ్బుగా ఇవ్వరు, యాప్‌లో కాయిన్ల రూపంలో ఇస్తారు. ఆ కాయిన్లకి ఏడు రోజులే గడువు. అవి బైక్ రైడ్‌కే పనికొస్తాయి. ఆటో దొరకలేదని ఇచ్చిన పరిహారంతో మళ్లీ ఆటో ఎక్కలేరు. పైగా గ్యారంటీ ఇచ్చేది డ్రైవర్లే, కంపెనీ కాదని షరతుల్లో ఉంది. ఇదంతా చదవలేనంత చిన్న అక్షరాల్లో. హామీ ఇచ్చిన మొత్తం అందనివాళ్లకి డబ్బు వాపసు చేయమని కూడా ఉత్తర్వు వచ్చింది.

పరిహారం, క్యాష్‌బ్యాక్ అని ఎక్కడ కనిపించినా ఇవే అడగండి: డబ్బా, పాయింట్లా? ఎన్నాళ్లు? దేనికి వాడుకోవచ్చు? కనీసం ఎంత కొనాలి?

తెలుగు చానళ్లు చూసేవాళ్లకి ఇంకో సంగతి. యాడ్ మొత్తం తెలుగులో సాగుతుంది. షరతులు మాత్రం కింద ఇంగ్లిష్‌లో, చదివేలోపే మాయమవుతాయి. ఇది కుదరదు. 2022 జూన్ 9న వచ్చిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం హామీ ఏ భాషలో ఉందో షరతు కూడా అదే భాషలో, అదే ఫాంట్‌లో ఉండాలి. హామీని మాటల్లో చెబితే షరతు దానితోపాటే, అదే వేగంతో రావాలి. పైన చెప్పిన తప్పుడు మాటని కింద షరతుతో సరిదిద్దుకోవడం కూడా ఒప్పుకోరు. ఊళ్లో అమ్మానాన్నలు చూసేవి ఈ యాడ్లే. వాళ్ల కోసమైనా ఇలాంటివి కనిపిస్తే ఫోన్‌లో వీడియో తీసి పెట్టండి. చివరి అడుగులో పనికొస్తుంది.

4. ప్యాకెట్ వెనక్కి తిప్పండి

బెంగళూరు సూపర్ మార్కెట్లలో ఇప్పుడు రాగి, జొన్న, మిల్లెట్ అని రాయని వరస లేదు. రాగి బిస్కెట్ ప్యాకెట్ ఒకటి తీసుకోండి. ముందు వైపు రాగి కంకులు, పచ్చని పొలం. వెనక పదార్థాల జాబితా ఉంటుంది. ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రాయాలన్నది నియమం. మొదట గోధుమ మైదా, తర్వాత చక్కెర, పామాయిల్, నాలుగో చోట రాగి పిండి 8% అని ఉంటే, మీరు కొంటున్నది మైదా బిస్కెట్టు. బొమ్మ వేసి గొప్పగా చెప్పిన పదార్థం పక్కన దాని శాతం రాయాలి కాబట్టి ఆ అంకెని వెతకండి. రెండు కంపెనీల ప్యాకెట్లు పక్కపక్కన పెట్టి ఆ శాతాలు చూస్తే ఏది కొనాలో అర నిమిషంలో తేలిపోతుంది.

కొన్ని మాటలకి కేంద్ర ఆహార భద్రతా సంస్థ, అంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ, 2018 నిబంధనల్లో కొలతలు పెట్టింది. "షుగర్ ఫ్రీ" అంటే వంద గ్రాములకి చక్కెరలు అర గ్రాము మించకూడదు. "లో షుగర్" అంటే ఘన పదార్థంలో వందకి 5 గ్రాములు మించకూడదు. "హై ఫైబర్" అనాలంటే వందకి కనీసం 6 గ్రాముల పీచు ఉండాలి. ప్యాకెట్ మీది పోషకాల పట్టికతో ఈ అంకెల్ని పోల్చుకోవచ్చు. పట్టికలో "ఒక సర్వింగ్‌కి" అని ఉంటే ఆ సర్వింగ్ ఎంతో చూడండి. రెండే బిస్కెట్లని ఒక సర్వింగ్ అంటే ఏ అంకైనా చిన్నదిగానే కనబడుతుంది.

"నో యాడెడ్ షుగర్" వేరే సంగతి. బయటి నుంచి చక్కెర కలపలేదని చెబుతున్నారు. ఖర్జూరంలో, పండ్ల గుజ్జులో సహజంగా ఉన్న చక్కెర అలాగే ఉంటుంది. షుగర్ ఉన్న నాన్నగారికి ఖర్జూరం లడ్డూల డబ్బా పంపేముందు పట్టికలో మొత్తం చక్కెరలు, మొత్తం కార్బోహైడ్రేట్లు చూడండి.

వంటనూనె మీద "కొలెస్టరాల్ లేదు" అని ఉంటే అది నిజమే. వేరుశనగ, పొద్దుతిరుగుడు, పామాయిల్, దేనిలోనూ ఉండదు. కొలెస్టరాల్ జంతు సంబంధమైన ఆహారంలోనే ఉంటుంది. అన్ని నూనెలకీ ఉన్న గుణాన్ని తమ ఒక్కదానిదే అన్నట్టు చూపించే పద్ధతి ఇది.

"100% పండ్ల రసం" అన్నదాన్ని కూడా ఎఫ్ఎస్ఎస్ఏఐ 2024 జూన్‌లో తీసేయమంది. చిక్కని గుజ్జులో నీళ్లు కలిపి తిరిగి రసంగా మార్చినదానికి ఆ మాట తగదని.

5. తగ్గింపుల లెక్క మీరే వేసుకోండి

"50% తగ్గింపు, దాని మీద ఇంకో 20%" అంటే 70 కాదు. వెయ్యి రూపాయల చొక్కా ముందు 500 అవుతుంది, అందులో 20 శాతం పోతే 400. మొత్తం తగ్గింది 60 శాతం. "30% ఎక్స్‌ట్రా" అన్న డబ్బాలో మీకు దక్కే లాభం 23 శాతం తగ్గింపుతో సమానం. ఫోన్‌లో క్యాల్కులేటర్ తీయడానికి మొహమాటపడకండి.

అప్పు దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. "పది శాతం ఫ్లాట్ వడ్డీ" మీద లక్ష రూపాయలు రెండేళ్లకి తీసుకున్నారనుకోండి. వడ్డీ 20,000, నెలకి 5,000 కిస్తీ. బానే ఉందనిపిస్తుంది. కానీ నెలనెలా అసలు తీరుస్తున్నా, వడ్డీ మాత్రం చివరిదాకా పూర్తి లక్ష మీదే కడుతున్నారు. తగ్గే బాకీ లెక్కన చూస్తే అది ఏడాదికి సుమారు 18 శాతం. 2024 అక్టోబరు నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు కొత్తగా ఇచ్చే వ్యక్తిగత అప్పులన్నిటికీ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. అందులో ఫీజులన్నీ కలిపిన వార్షిక శాతం ఉంటుంది. అది మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి, తెలుగులో అడగండి. ఇక సున్నా వడ్డీ ఈఎంఐ అంటారా, అసలు సున్నా వడ్డీ అన్నదే లేదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకి చెప్పింది. ప్రాసెసింగ్ ఫీజు రూపంలోనో, రొక్కం ఇస్తే వచ్చే తగ్గింపు పోగొట్టుకునో మనమే కడతాం. "రొక్కమిస్తే ఎంతకిస్తారు?" అని అడిగితే అసలు వడ్డీ బయటపడుతుంది.

అక్షయ తృతీయ రోజుల్లో బంగారం షాపుల ప్రకటనలూ ఇదే కోవలోవి. "మజూరీ మీద 50% తగ్గింపు" అన్న షాపులో మజూరీ 20 శాతం అయితే మీరు కట్టేది 10. పక్క షాపువాడు ఏ ఆఫరూ లేకుండా పదే తీసుకుంటున్నాడేమో కనుక్కోండి. "మజూరీ లేదు" అన్నచోట తరుగు ఎంతో అడగండి. నగ బరువులోంచి రాళ్ల బరువు తీసేసి, ఉత్త బంగారం బరువు, గ్రాము రేటు, తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ విడివిడిగా రాసిన కాగితం ఇవ్వమనండి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ మీద అంకెలు, అక్షరాలు కలిపి ఆరు ఉండే గుర్తింపు కోడ్, అంటే హెచ్‌యూఐడీ, తప్పనిసరి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ కోడ్ కొట్టి షాపులోనే సరిచూసుకోవచ్చు.

6. ప్లాటు, ఫ్లాటు ప్రకటనల్లో ముందు రెరా నంబర్ వెతకండి

500 చదరపు మీటర్లు మించిన స్థలంలో గానీ, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో గానీ వేసే ప్రాజెక్టుని రెరాలో, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో, నమోదు చేయకుండా ప్రకటించకూడదు. "ప్రీ లాంచ్ ఆఫర్" పేరుతో వాట్సాప్‌లో తిరిగేవాటిలో నంబర్ లేకపోతే అక్కడితో ఆపేయండి. నంబర్ ఉంటే కర్ణాటక రెరా వెబ్‌సైట్‌లో కొట్టి, ప్లాను, పూర్తి చేసే గడువు, ఎవరి పేరున ఉందో చూడండి.

మనవాళ్లకి ఎక్కువగా వచ్చే ప్రకటన ఇంకొకటుంది. పెద్ద అక్షరాల్లో బెంగళూరు ఎయిర్‌పోర్టు పేరు, స్థలం మాత్రం హిందూపురం వైపు. అక్కడ కొనకూడదని నేననను. కానీ స్థలం ఆంధ్రలో ఉంటే చూడాల్సింది ఏపీ రెరా. "ఇరవై నిమిషాలు" అన్నదాన్ని సోమవారం ఉదయం తొమ్మిదింటికి మ్యాప్‌లో పెట్టి చూడండి, వీలైతే ఒకసారి బండి మీద వెళ్లి రండి. "మెట్రో రాబోతోంది" అన్నదానికి ధర కట్టకండి.

1,500 అడుగుల ఫ్లాటు అన్నప్పుడు అది సూపర్ బిల్టప్ కొలతా, కార్పెట్ ఏరియానా అడగండి. లిఫ్టు, మెట్లు, కారిడార్ల వాటా తీసేస్తే లోపల మీరు నడిచే చోటు వెయ్యి చిల్లరే ఉండొచ్చు. మొత్తం ధరని కార్పెట్ ఏరియాతో భాగించి చూస్తేనే రెండు ప్రాజెక్టుల మధ్య పోలిక కుదురుతుంది. అమ్మకపు ఒప్పందం రిజిస్టర్ కాకముందు పది శాతానికి మించి అడగకూడదు. బ్రోచర్ జాగ్రత్తగా దాచండి. అందులో రాసిన తప్పుడు మాట నమ్మి నష్టపోతే, రెరా చట్టం 12వ సెక్షన్ కింద పరిహారం కోరవచ్చు, లేదా వడ్డీతో సహా డబ్బు వెనక్కి అడగవచ్చు.

7. "100% ప్లేస్‌మెంట్" దగ్గర ఒక పూట ఆగండి

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇది. ఊళ్లో నాన్న అప్పు చేసి పంపిన డబ్బు ఈ ఒక్క మాట మీద కట్టేస్తారు. "100% ప్లేస్‌మెంట్" అని బోర్డు మీద ఉంటుంది, రసీదు మీద "ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్" అని ఉంటుంది. రెజ్యూమె సరిచేసి, నాలుగు కంపెనీల లింకులు పంపినా ఆ అసిస్టెన్స్ ఇచ్చేసినట్టే.

కౌన్సెలర్‌ని ఇలా అడగండి: "పోయిన బ్యాచ్‌లో ఎంతమంది చేరారు, ఎంతమందికి ఆఫర్ లెటర్ వచ్చింది, ఎక్కువమందికి ఎంత జీతం? ఈ మాటలు నాకు మెయిల్‌లో రాయండి మేడం." గోడ మీది "హయ్యెస్ట్ ప్యాకేజ్" ఒక్కడిది. మీకు కావాల్సింది మధ్యలో ఉన్నవాడి జీతం. "సీట్లు రెండే ఉన్నాయి, ఈ రోజే కట్టాలి" అంటే లేచి వచ్చేయండి. ఆ సాయంత్రం ఇన్‌స్టిట్యూట్ కింద టీ కొట్టు దగ్గర పాత బ్యాచ్ పిల్లలు నలుగురైనా దొరుకుతారు, వాళ్లని అడగండి. "ఉద్యోగం వచ్చాకే ఫీజు" అన్నచోట మీ పేరున లోన్ పెడుతున్నారేమో, సంతకం చేసే కాగితంలో చూడండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వకండి. దొంగ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామంటే అసలు వద్దు. వెరిఫికేషన్‌లో దొరికితే పోయేది మీ పేరు.

కోచింగ్ సెంటర్లు సెలక్షన్ గ్యారంటీ, ఉద్యోగ హామీ లాంటి తప్పుడు ప్రకటనలు ఇవ్వకూడదని 2024 నవంబరులో సీసీపీఏ మార్గదర్శకాలు తెచ్చింది. ర్యాంకర్ల ఫోటో వేయాలంటే సెలక్షన్ తర్వాత వాళ్ల రాతపూర్వక అనుమతి ఉండాలి. వాళ్లు తీసుకున్నది ఏ కోర్సో కూడా చెప్పాలి. ఉత్త మాక్ ఇంటర్వ్యూకి వచ్చినవాడి ఫోటో మూడేళ్ల కోర్సుకి వాడుకోకుండా.

8. ఆరోగ్యం విషయంలో అనుమానమే మేలు

షుగర్, క్యాన్సర్, బీపీ, ఊబకాయం, పొడవు పెరగడం. వీటిని నయం చేస్తామని, మారుస్తామని మందుల్ని ప్రకటించడమే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. కాబట్టి "షుగర్ పూర్తిగా నయం" అన్న ప్రకటన చూస్తే మందు పనిచేస్తుందా లేదా అన్న చర్చలోకే వెళ్లనక్కర్లేదు.

పేరుతోనే మోసపోయే సందర్భాలూ ఉంటాయి. డబ్ల్యూహెచ్‌వో చెప్పిన ఓఆర్ఎస్‌లో లీటరుకి 13.5 గ్రాముల గ్లూకోజు ఉంటుంది. అంతకు చాలా రెట్లు చక్కెర ఉన్న పానీయాలు ఓఆర్ఎస్ అన్న అక్షరాలు పేరులో పెట్టుకుని మెడికల్ షాపుల్లోనే అమ్ముడయ్యాయి. విరేచనాలతో ఉన్న పసిబిడ్డకి అలాంటి తీపి నీళ్లు తాగిస్తే విరేచనాలు పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీని మీద పోరాడారు. 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని ఆదేశించింది. ఒక్క డాక్టరమ్మ పట్టుదలతో కదిలిన పని ఇది. మీరు మాత్రం పొడి ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌వో ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి.

9. ఫోన్‌లో వచ్చే తొందర

"ఇంకా 4 నిమిషాలే", "ఇప్పుడే 37 మంది చూస్తున్నారు" అనేవాటికి టెన్షన్ పడకండి. పేజీ మూసి మళ్లీ తెరిస్తే గడియారం మొదటికొస్తుందేమో చూడండి. దొంగ తొందర పెట్టడం, అడగని వస్తువు బుట్టలో వేయడం, చివర్లో ఛార్జీలు బయటపెట్టడం, ఇలా 13 పద్ధతుల్ని 2023 నవంబరు 30న కేంద్రం డార్క్ ప్యాటర్న్స్‌గా నిషేధించింది.

10. రుజువు దాచి, ఫిర్యాదు పెట్టండి

తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్, యాడ్ వీడియో, బోర్డు ఫోటో, ప్యాకెట్, బిల్లు, సేల్స్ మనిషి వాట్సాప్ మాటలు. ఇవన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. ముందు కంపెనీకి మెయిల్ రాయండి. నాలుగు వాక్యాలు చాలు: "ఫలానా తేదీన మీ ప్రకటనలో ఈ మాట ఉంది. దాన్ని నమ్మి ఇంత కట్టాను. నాకు అందింది ఇది. పదిహేను రోజుల్లో ఇంత మొత్తం తిరిగి ఇవ్వగలరు."

జవాబు లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. మీ డబ్బు పోకపోయినా ప్రకటన తప్పనిపిస్తే ఆస్కీకి పంపండి. 1985 నుంచి ఉన్న ప్రకటనదారుల స్వీయ నియంత్రణ సంస్థ అది. 77100 12345కి వాట్సాప్‌లో యాడ్ ఫోటో పెడితే చాలు. అది జరిమానా వేయలేదు గానీ యాడ్ మార్చమని, ఆపమని చెబుతుంది. జరిమానా సీసీపీఏ చేతిలో ఉంది. మొదటిసారి పది లక్షల వరకు, మళ్లీ చేస్తే యాభై లక్షల వరకు. ఆహారానికైతే ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్ ఉంది.

పోయిన డబ్బు రాబట్టుకోవాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే కేసు వేయొచ్చు. కట్టిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. నష్టం జరిగిన రెండేళ్లలోపు వేయాలి. కంపెనీ ఆఫీసు ముంబైలో ఉన్నా మీరు ఉండే చోటో, పనిచేసే చోటో వేయొచ్చని 2019 చట్టం చెబుతోంది. ఆధార్‌లో ఇంకా సొంతూరి అడ్రసే ఉన్నవాళ్లు, బెంగళూరులో కేసు వేయాలనుకుంటే రెంట్ అగ్రిమెంట్ కాపీ గానీ, ఆఫీసు ఇచ్చిన లెటర్ గానీ జత చేయండి.